వెనక కూర్చునే మనిషి

పోయిన వారం మా పికప్ బండి వెనక ఎడమ చక్రం విప్పాను. బ్రేకు డ్రమ్ము ఊడి రావడానికి అరగంట మొండికేసింది. సుత్తితో చుట్టూ తట్టి, నూనె పోసి, బతిమాలి, తిట్టి, చివరికి రెండు చేతులా లాగితే వచ్చింది. తడిబట్టతో లోపలి మసి తుడుస్తుంటే అడ్జస్టర్ అనే చిన్న ఇనపముక్క మీద ఒక గాటు కనిపించింది. ఉలితో కొట్టిన గాటు. మూడేళ్ళ కిందట, ఈ వాకిట్లోనే, ఒక పెద్దాయన పక్కన నిలబడి చెబుతుంటే సణుక్కుంటూ నా చేత్తో నేనే కొట్టాను దాన్ని. కుడి పక్క విప్పితే రెండు గాట్లుంటాయి.

కానీ కుడి పక్క అప్పుడే విప్పలేదు. ఒక పక్క విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేదాకా రెండో పక్క ముట్టుకోకూడదు. అది ఆయన ఆజ్ఞ. ఆయన పోయి ఏడు నెలలైంది. ఆజ్ఞ మాత్రం మా వాకిట్లోనే ఉంది.

ఆయన పేరు రాయను. నేనెరిగిన మొదట్లో అందరినీ పేరు పెట్టే పిలిచేవాడు. తర్వాతెప్పుడో మానేశాడు. మగవాళ్ళందరూ "అబ్బాయా", ఆడవాళ్ళందరూ "అమ్మణ్ణీ". అరవై దాటి, పళ్ళూడిన మా మేనమామ కూడా ఆయనకు అబ్బాయే. అన్నేళ్ళుగా బండి చూపించుకుంటున్న నన్ను కూడా ఆ గంపలోనే వేసేయడం నాకు కొంచెం గుచ్చుకునేది. వయసుతోపాటు పెద్దరికం నెత్తికెక్కిందిలే అనుకున్నాను. కాబట్టి ఆయన పేరు నేనూ రాయను. లెక్క సరి.

ఆయనకు షెడ్డు లేదు. ఎవరి బండి వాళ్ళ వాకిట్లోనే. పాత సైకిలు, దాని వెనక గోనెసంచి, సంచిలో పది పన్నెండు స్పానర్లు. చేసేది బ్రేకుల పని ఒక్కటే. ఒకసారి ఇంజన్లో ఏదో చప్పుడొస్తోందని నేను మూత ఎత్తబోతే చెయ్యడ్డం పెట్టాడు.

"నాకు చూపించమాక. ఇంజను చెడితే బండి నిలబడతాది గదబ్బాయా. నిలబడే బండితో భయమేముంది?"

మా తీరంలో హ్యాండ్ బ్రేకు లాగి బండి పెట్టాడంటే వాడు కొత్తవాడని అర్థం. రొయ్యల ట్రేల మీద ఐసు కరిగి, ఆ నీళ్ళూ చెరువు ఉప్పునీళ్ళూ కలిసి తొట్టి సందుల్లోంచి కారి నేరుగా వెనక చక్రాల మీద పడతాయి. రాత్రి బ్రేకు లాగి పెడితే తెల్లారేసరికి లోపల తుప్పు పట్టి, చక్రాన్ని ఆపే బ్రేకు షూ డ్రమ్మును కరుచుకుంటుంది. అందుకని మేమందరం సీటు కింద ఒక రాయి ఉంచుకుంటాం. బండి ఆపగానే దిగి ఆ రాయి చక్రం కింద పెట్టడం మాకు చెప్పులు విడిచినంత అలవాటు. ఆయన మాత్రం వాకిట్లోకి వస్తూనే ముందు ఆ రాయి వంక చూసేవాడు. ఇంట్లో వేరే ఆడమనిషి కనబడిన పెళ్ళాంలా మొహం పెట్టేవాడు.

"రాయిని నమ్ముకున్నోడివి, నన్నెందుకు పిలిపించినావు?"

ఆదివారం స్పానర్ పట్టడు. చర్చి నుంచి వచ్చేటప్పుడు తెల్లచొక్కా వేసుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తాడు. ముందు ఆయన భార్య, నాలుగడుగుల వెనక ఆయన. పెళ్ళాం చాటు మొగుడని ఊరంతా ఆటపట్టించేది. నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆదివారం ఎవరైనా బండి ఆపి అడిగితే సలహా చెబుతాడు గానీ చేతులు మాత్రం వెనక నుంచి ముందుకు రావు. వేలు పెట్టి చూపించాల్సి వస్తే గడ్డంతో చూపించేవాడు.

పని అయ్యాక బండిని కాస్త దూరం తోలించి, దిగి, వెనక చక్రాల దగ్గర గొంతుకూర్చుని, మడిచిన వేళ్ళ వెనక భాగం ఎడమ డ్రమ్ముకీ కుడి డ్రమ్ముకీ ఆనించి చూసేవాడు. తల్లి బిడ్డ నుదురు చూసినట్టే ఉండేది. రెండూ ఒకే వేడి ఉంటే రెండూ సమానంగా పనిచేస్తున్నట్టు. "ఇద్దరికీ ఒకటే జరం" అని లేచేవాడు. అదే ఆయనిచ్చే సర్టిఫికెట్.

ఇదంతా ఒక ఎత్తు, బ్రేకు పరీక్ష ఒక ఎత్తు. బండి తోలేటప్పుడు ఆయన నా పక్కన కూర్చునేవాడు కాదు. వెనక తొట్టిలో ఎక్కేవాడు. ఎక్కి, అన్నిటికంటే వెనక, తొట్టి వెనక చెక్కకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు.

"నలభైలో పో. నేను చెయ్యెత్తినప్పుడు తొక్కు."

అద్దంలో ఆ చెయ్యి కోసం చూస్తూ తోలాలి. ఎప్పుడెత్తుతాడో తెలియదు. డెబ్బై ఏళ్ళ మనిషిని వెనక పెట్టుకుని అట్టా తోలడం ఎంత చిరాకో చెప్పలేను.

ఇక అసలు సంగతి. పొద్దున అయిదింటికి మా ఊరి నుంచి ముత్తుకూరు వైపు రొయ్యల షెడ్డుకి పోవాలంటే బస్సు లేదు. షెడ్డులో రొయ్యలు వలిచే పనికి మా వీధి ఆడవాళ్ళు ఎనిమిది మంది పోతారు. వాళ్ళను నా పికప్ తొట్టిలో తీసుకుపోయి దించి, తిరుగు దోవలో ట్రేలు వేసుకొస్తాను. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు. తెలుసు. తెలిసే ఎక్కించాను. ఆ ఎనిమిది మందిలో మా ఆవిడ సుశీల కూడా ఉంది. ముందు సీటు ఖాళీగా ఉన్నా ఎక్కదు. తోటి వాళ్ళు వెనక కూర్చుంటే తను ముందు కూర్చోవడం నామోషీ అంటుంది.

మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం పొద్దున కాలవ వంతెన దిగుతున్నాను. గేదె అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు పట్టాయి, వెనకవి పట్టలేదు. బండి మూతి నేలకు వంగి, వెనక భాగం పక్కకు జరిగి, రెయిలింగుకు జానెడు దూరంలో ఆగింది. గేదె నన్నోసారి చూసి పోయింది. దిగి వెనక్కి పరిగెత్తితే తొట్టిలో ఎనిమిది మందీ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, సుశీల మోచెయ్యి తప్ప.

"మేమేమన్నా రొయ్యల ట్రేలనుకున్నావా అన్నా?" అని ఒకామె మొదలుపెట్టింది. తర్వాత అందరూ అందుకున్నారు. సుశీల మాత్రం చెయ్యి పట్టుకుని, మళ్ళీ అదే తొట్టిలో, అదే చోట కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పిలవకుండానే పెద్దాయన వచ్చాడు. చక్రాల వంక చూడలేదు. తొట్టిలోకి ఎక్కాడు.

"నీ భార్య యాడ కూచునింది?"

చూపించాను. అక్కడ కూర్చుని రెండు పక్కలా చేతులు చాపి చూశాడు, పట్టుకోవడానికి ఏముందా అని. ఏమీ లేదు.

"ఈ చిన్న డ్రమ్ములు చాలవబ్బాయా. దీనికంటే పెద్ద బండివి, అయి ఎయ్యాల. నెల్లూరులో పాత సామాన్ల అంగట్లో దొరకతాయి, రెండు పక్కలవీ, లోపలి సామాను బిగించి ఉండే ప్లేటుతో సహా పట్రా. షూలూ సిలిండర్లూ కొత్తవి తీసుకో. సోమారం వొచ్చి నేను బిగిస్తా." బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ చెప్పాడు. "తెచ్చినాక చెయ్యి పెట్టమాక. పెడితే ఒక పక్కే ఇప్పు. రెండోది చూసుకునేదానికి ఉండాల."

సోమవారం దాకా ఆగితే నేను నేనెందుకవుతాను? సోమవారం పొద్దున ఆడవాళ్ళు పనికి పోవాలి. వేరే బండిలో పోతామని అప్పటికే ఇద్దరు అన్నారు. శనివారం సామాను తెచ్చి, ఆదివారం పొద్దున్నే వాకిట్లో టార్పాలిన్ కట్టి బండిని దిమ్మల మీదికి ఎత్తాను. తెచ్చిన రెండు ప్లేట్లనీ ఒకేసారి విప్పేసి, స్ప్రింగులూ అడ్జస్టర్లూ మొత్తం ఒకే బేసిన్లో కిరసనాయిలు పోసి కడిగాను. తళతళలాడిపోయాయి. పాత గోనె మీద పరిచి, చూసి మురిసిపోయాను కూడా.

పదకొండింటికి చర్చి నుంచి వాళ్ళిద్దరూ వచ్చారు. ఆమె ముందు, ఆయన వెనక. గోనె మీద కుప్ప చూసి ఆగిపోయాడు.

"రెండు పక్కలూ ఇప్పేసినావా?"

"పని తొందరగా అయిపోతాదని..."

అడ్జస్టర్లు రెండూ గడ్డంతో చూపించాడు. "వీట్లో ఎడమదేది? కుడిదేది?"

"రెండూ ఒకటే గదా పెద్దాయనా."

"ఒకటే మాదిరి ఉంటాయి. ఒకటి ఇటు తిప్పితే పొడుగవతాది, ఇంకోటి అటు తిప్పితే పొడుగవతాది. షూ అరిగే కొద్దీ ఇది పొడుగై దాన్ని డ్రమ్ము దగ్గరికి నెడతాది. మార్చి బిగిస్తే తొక్కినప్పుడల్లా ఎనక్కి లాగతాది. మొదటి రోజు బాగానే పడతాది బ్రేకు. వారం బాగుంటాది. నెలకి కాలవ వంతెన మీద తెలస్తాది."

కానీ ఆయనుండగా భయమేముంది?

"సరే, ఏది ఎటో చెప్పు. నేను బిగించేస్తా."

ఆయన వంగి ఆ రెండు ఇనపముక్కల్నీ చాలాసేపు చూశాడు. వెనక కట్టుకున్న చేతులు విడివడి, ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి పోయాయి.

"తెలవదబ్బాయా" అన్నాడు.

నేను నవ్వాను. ప్రహరీ పక్కన నిలబడి చూస్తున్న వాళ్ళూ నవ్వారు. నలభై ఏళ్ళుగా బ్రేకులు తప్ప ఇంకో పని ముట్టని మనిషి!

"నీకు తెలవకపోతే ఇంకెవురికి తెలుసు? మాట ఇనలేదని కోపమా? తప్పయిపోయింది, చెప్పు పెద్దాయనా."

"కోపం గాదు. తెలవదు."

"అంత మెకానిక్కువి, ఈ మాత్రం తెలవదని నలుగురిలో చెప్పుకుంటే నీకే బాగుండదు" అన్నాను. నిజంగా అన్నాను ఆ మాట. మోచేతికి కట్టుతో సుశీల గుమ్మంలో నిలబడి వింటోంది.

ఆయన భార్య బైబిలు సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, నేల చూస్తూ మెల్లిగా అంది. "ఇట్టాంటిదే ఇంకో బండి ఉంటే చూసి ఎయ్యి నాయనా. ఆయన్ని అడగమాక."

వీధి చివర ఐసు బండి ఉంది, ఆ పెద్ద మోడలే. దాని ఓనరు మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. లేపితే బూతులు తిట్టాడు. పెద్దాయన ఆ తెల్లచొక్కాతోనే చేతులు వెనక కట్టుకుని ఆ గుమ్మం ముందు ఎండలో నిలబడిపోయాడు, అవతలివాడికి సిగ్గేసి తాళం ఇచ్చేదాకా. ఆ ఎండలో ఆ బండి ఎడమ చక్రం విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, వెంట తెచ్చిన మా రెండిట్లో ఏది దానిలా తిరుగుతుందో చూశాను. ఆయన కూడా వంగి చూశాడు. చూశాక ఆయన మొహం తేటపడింది. నేనది విజయగర్వం అనుకున్నాను. నా చేత అంత చాకిరీ చేయించి కక్ష తీర్చుకున్నాడనే అనుకున్నాను.

"ఇంటికి పోయి ఉలి తీసుకో. ఎడమదానికి ఒక గాటు, కుడిదానికి రెండు కొట్టు."

"ఎందుకు పెద్దాయనా, ఈ పొద్దు పడిన తంటాకి ఇంక జన్మలో మర్చిపోను."

"అందురమూ మర్చిపోతాం. కొట్టు."

కొట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక్కొక్క స్ప్రింగూ నేనే తగిలించాను. ఆదివారం కాబట్టి ఆయన చెయ్యి పెట్టలేదు. పైపుల్లో గాలి తీసే పనికి వచ్చేసరికి సుశీలను పిలిచాడు. "ఎనక కూచునే మనిషే తొక్కాల. రా అమ్మణ్ణీ." సుశీల డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కింద నేను నట్టు వదులు చేస్తూ, బిగిస్తూ. పక్కన ఆయన. "తొక్కు. పట్టు. వదులు." గాలి బుడగలు పోయి ఆయిలు ధారగా వచ్చేదాకా చెప్పినట్టే తొక్కింది. దిగేటప్పుడు తన మొహంలో ఏదో వెలుగు. శుక్రవారం నుంచి నాకు కనబడనిది.

సాయంత్రం చెరువు గట్ల రోడ్డు మీద పరీక్ష. తెల్లచొక్కాతోనే తొట్టిలోకి ఎక్కబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఈ పొద్దన్నా ముందు కూచోరాదా?"

"ముందు కూచున్నోడికి తలుపుంటాది, పట్టుకునేదానికి పిడి ఉంటాది. ఎనకోడికి ఏముంది? బ్రేకొకటే."

నలభైలో పోతున్నాను. అద్దంలో చెయ్యి లేచింది. తొక్కాను. వెనక ముసలాయన ఉన్నాడని కాలు దానంతటదే మెత్తబడింది. బండి ఆగకముందే తొట్టి మీద దబదబ బాదాడు.

"నేనుండానని మెల్లిగా తొక్కతావా? రేపు ఆడోళ్ళుండారని గొడ్డు మెల్లిగా వొస్తాదా? తొక్కరా!"

రెండోసారి చెయ్యి లేచినప్పుడు కళ్ళు మూసుకున్నంత పని చేసి తొక్కాను. నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలను పట్టుకున్నాయి. బండి ఇటూ అటూ జరక్కుండా నిలబడింది. పరిగెత్తుకుంటూ వెనక్కి పోతే ఆయన తొట్టి ముందు చెక్క దాకా జారుకుంటూ వచ్చి, చొక్కా అంతా మసి చేసుకుని నవ్వుతున్నాడు. దిగి, వేళ్ళు మడిచి రెండు డ్రమ్ములూ చూశాడు. ఆ ఆదివారం ఆయన ఆ చక్రాలకు చెయ్యి తగిలించింది అప్పుడొక్కసారే.

"ఇద్దరికీ ఒకటే జరం" అన్నాడు.

ఆయన పోయినప్పుడు నేను చెన్నై లోడులో ఉన్నాను. అయిదో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం బయట చెప్పులు విడుస్తూ పక్కన ఆయన చెప్పుల జత చూశాను. ఇంకా తీసెయ్యలేదు. ఎడమ చెప్పు మడమ దగ్గర కత్తితో కోసిన ఒక గాటు. కుడి చెప్పుకి రెండు.

నేను అక్కడే వంగి నిలబడిపోయాను. లోపల ఆయన భార్య టీ పెడుతుంటే వంటింటి అలమర కనిపించింది. ఉప్పు డబ్బా మూత మీద ఒక గాటు, చక్కెర డబ్బా మీద రెండు. నేను చూడటం ఆమె చూసింది.

"అయిదేళ్ళాయ నాయనా" అంది. "ముందు పేర్లు పోయినాయి. మా తమ్ముడి పేరు కూడా పోయింది. తరవాత దార్లు. చర్చి కాడి నుంచి ఇంటికొచ్చేదానికి దోవ తెలిసేది కాదు. పనికి పోయినా మీ వీధి మలుపు దాకా పక్కింటి పిల్లోడు తోడొచ్చేవాడు. అందుకే నేను ముందు నడిచేదాన్ని. జనం నవ్వతారని నాకూ తెలుసు. నవ్వనీలే, తప్పిపోడం కంటే మేలు గదా అనేవాడు."

"మరి పని?"

"మానుకోమన్నా. రెండో పక్క చూసుకునేదానికి ఉంటే చేస్తా, లేకపోతే చెయ్యనన్నాడు. తప్పు చేసుంటే ముందు నాకే తెలవాల అని ఎనకమాల కూచునేవాడు. ఆయన బండెక్కి పోయిన రోజు, తిరిగొచ్చే దాకా నేను ఈ గుమ్మంలోనే."

నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన ఆ రోజు వాకిట్లో నిజమే చెప్పాడు. నలుగురి ముందు, తెల్లచొక్కాలో, రెండుసార్లు చెప్పాడు. మేం నవ్వాం. ఆయన నలభై ఏళ్ళ పేరును ఆ ఒక్క మాటతో పోగొట్టుకోడానికి సిద్ధపడింది మా సుశీల కోసం, పేర్లు కూడా గుర్తులేని ఆ ఏడుగురు ఆడవాళ్ళ కోసం. ఊహ మీద ఏదో ఒకటి ఎడమదని చెప్పేసి ఉంటే నేను బిగించేసేవాణ్ణి. నాకు తెలిసిన పెద్ద పెద్ద మెకానిక్కులు, ఆ మాటకొస్తే నేను కూడా, అట్టాగే చెప్పేసేవాళ్ళం. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆమె గ్లాసు తీసుకుని వేడి టీ పోసిచ్చింది.

పోయిన వారం ఎడమ పక్క పూర్తి చేశాకే కుడి పక్క విప్పాను. రెండు గాట్లూ ఉన్నాయి. ఉన్నా, రెండో పక్క చూసుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. గాలి తీయడానికి సుశీల తొక్కింది. సాయంత్రం తాళం తన చేతికిచ్చాను. పోయిన ఏడాది లైసెన్సు తీసుకుంది, నాకంటే జాగ్రత్తగా తోలుతుంది.

"నువ్వెక్కడ కూచుంటావు?" అంది.

తొట్టిలోకి ఎక్కాను. వెనక చెక్కకి వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాను. పదకొండేళ్ళుగా బండి నాది. ఆ తొట్టిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. బండి కదలగానే చేతులు వాటంతటవే పట్టుకోవడానికి ఏదైనా ఉందేమోనని వెతికాయి. ఏమీ లేదు. చెరువు గట్టు మీదికి వచ్చేసరికి గాలి, దుమ్ము, కింద చక్రాల చప్పుడు. అప్పుడు వచ్చింది భయం. ఎడమది ఎడమకే వేశానా? స్ప్రింగు కొక్కెం సరిగ్గా పడిందా? మూడుసార్లు చూశాను, గాట్లు కూడా ఉన్నాయి, మతి సరిగ్గా ఉన్నవాణ్ణి. అయినా భయం పోలేదు. ఆయన ఏ గుర్తూ లేకుండా ఎన్ని బండ్లలో ఇట్టా కూర్చున్నాడో.

నలభై దాటింది. అద్దంలో సుశీల కళ్ళు నా మీదే ఉన్నాయి.

చెయ్యెత్తాను.